ధూళి లెక్క ఎవరు రాయాలి?

మీ వీధిలో ఎక్కడైనా కొత్త ఇల్లు కడుతున్నారా? అయితే బడి నుంచి వచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. కాస్త దూరంగానే నిలబడండి సుమా! వంటగట్టు మీద పరిచే రాతిపలకను ఎవరో ఒక కుర్రవాడు చేతిమిషనుతో కోస్తూ ఉంటాడు. మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. తెల్లటి మేఘం ఒకటి లేచి అతణ్ణి నడుము దాకా కప్పేస్తుంది. మేఘం విడిపోయేసరికి అతని కనుబొమలు, జుట్టు, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు అన్నీ తెల్లబడి ఉంటాయి.

పోయిన వేసవిలో మా పక్కింట్లో ఇదే పని జరిగింది. కోస్తున్న అబ్బాయికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. "దుమ్మంతా లోపలికి పోవడం లేదా తమ్ముడూ?" అని అడిగాను. "తువ్వాలుంది కదండీ. సాయంత్రం ఇంత బెల్లంముక్క తింటే అంతా పోద్దండీ" అన్నాడు నవ్వుతూ.

బెల్లం గొంతు దిగి పొట్టలోకి పోతుంది. ధూళి పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఈ రెండు దారులూ వేరని ఏడో తరగతి పిల్లలకు తెలుసు. ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. అతని చేతిలోని మిషను, దానికి బిగించిన చక్రం, కింద ఉన్న పలక మూడూ గొప్ప ఆవిష్కరణలే. వాటిని కనిపెట్టినవారి కథలు మనం ఉత్సాహంగా రాసుకుంటాం, చదువుకుంటాం. ఆ కథల్లో పొడి ప్రసక్తి ఉండదు. ఇది సగం లెక్క అని నా అభిప్రాయం. ఒక వస్తువును కోసినప్పుడు లేచే ధూళి కూడా ఆ ఆవిష్కరణలో భాగమే.

ముందు చక్రం సంగతి చూద్దాం. కత్తులకు, కత్తెరలకు సాన పట్టేవాళ్లను మీ తాతగారు బాగా ఎరుగుదురు. మన దేశంలో పూర్వం సానచక్రాలను కురువిందం అనే గట్టి ఖనిజపు పొడిని లక్కతో కలిపి పోతపోసి చేసేవారు. ఇంగ్లీషువారి 'కోరండం' అన్న మాటకు మూలం మన దక్షిణాది మాటే. ఖమ్మం ప్రాంతంలో కురువిందం ఇప్పటికీ దొరుకుతుంది. గట్టి రేణువులు, వాటిని పట్టి ఉంచే జిగురు: సానచక్రమంటే ఇంతే. నేటి చక్రాల్లోనూ సూత్రం మారలేదు. మారినవి రేణువూ జిగురూ మాత్రమే.

రేణువును మార్చినవాడు ఎడ్వర్డ్ ఆచిసన్ అనే అమెరికన్. 1891లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మొనాంగహీలా అనే ఊళ్లో అతను ఒక ఇనుపగిన్నెలో బంకమట్టి, కోకుబొగ్గు పొడి కలిపి పోసి, అందులో కర్బనపు కడ్డీ గుచ్చి, బలమైన విద్యుత్తు పంపాడు. చల్లారాక కడ్డీకి మెరిసే చిన్న చిన్న స్ఫటికాలు అంటుకుని కనిపించాయి. ఒకదాన్ని పెన్సిలు కొనకు అంటించి కిటికీ అద్దం మీద గీశాడు. వజ్రంతో గీసినట్టు గీత పడింది! కర్బనం, కురువిందం కలిసి పుట్టిన పదార్థం అనుకుని దానికి 'కార్బొరండం' అని పేరు పెట్టాడు. ఆ ఊహ తప్పు. అది సిలికాన్ కార్బైడ్. తప్పు తెలిశాక కూడా పేరు అలాగే నిలిచిపోయింది. మొదట్లో దాన్ని రత్నాలు సానపట్టేవాళ్లకు క్యారెట్ 40 సెంట్ల చొప్పున అమ్మాడట. తర్వాత నయాగరా జలపాతం దగ్గర చవక విద్యుత్తుతో టన్నులకొద్దీ తయారుచేశారు.

జిగురును మార్చినవాడు బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్. 1907లో ఫినాలు, ఫార్మాల్డిహైడు కలిపి వేడిచేసి, ఒత్తిడిని అదుపులో పెట్టి, ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగని రెజిన్ తయారుచేశాడు. అదే బేకలైటు. నేడు రాయి, ఇనుము కోసే పలుచటి చక్రాలు ఎన్నింటిలోనో రేణువులను పట్టి ఉంచేది ఈ జాతి రెజినే.

అదే రెజిన్‌లో కాగితాన్ని ముంచితే? 1913లో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు యువ ఇంజనీర్లు ఇలాంటి సరుకుతో సిన్సినాటి నగరంలో వ్యాపారం మొదలుపెట్టారు. అప్పట్లో విద్యుత్ యంత్రాల్లో కరెంటు పక్కదారి పట్టకుండా అభ్రకం వాడేవారు. అభ్రకమంటే మన గూడూరు ప్రాంతంలో పేరుపడ్డ ఖనిజం. అభ్రకానికి బదులుగా వాడదగినది అనే అర్థంలో వాళ్లు తమ సరుకుకు 'ఫార్మైకా' అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో మైకా అంటే అభ్రకమే. తర్వాత పైపొరగా రంగు కాగితం, మెలమిన్ రెజిన్ వచ్చి చేరాక అది బల్లల మీదికీ, బీరువాల మీదికీ ఎక్కింది. మన ఊళ్లలో ఏ కంపెనీది కొన్నా 'సన్‌మైకా' అనే అంటాం. అందులో ఉన్నది కాగితం, రెజిన్. అభ్రకం రవ్వంత కూడా ఉండదు!

ఈ కథలన్నీ ఆసక్తికరమైనవే, కాదనను. కానీ పని చేసేవాడి ముక్కు దగ్గరికి ఒకసారి వెళ్దాం.

ఇంగ్లండులోని షెఫీల్డు నగరం కత్తులకు, ఫోర్కులకు ప్రసిద్ధి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఇసుకరాతి చక్రాల మీద సాన పట్టేవారు. ఇసుకరాయి అంటే దాదాపు సిలికాయే. పొడిగా సాన పట్టేవాళ్లు సగటున 35 ఏళ్లు బతకడమే కష్టమనీ, చక్రాన్ని నీటితో తడుపుతూ పట్టేవాళ్లు 45 దాటడం అరుదనీ ఆ ఊరి వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ చెప్పాడు. నీళ్లకూ, నీళ్లు లేకపోవడానికీ మధ్య పదేళ్ల ఆయుష్షు! నీళ్లతో కూడా నిండు బతుకు దక్కలేదన్నది మరిచిపోకూడదు.

1820ల్లో అదే ఊళ్లో ఏబ్రహాం అనే ఆయన సాన పట్టేచోట ఎగిరే ఉక్కురజను అయస్కాంతాలతో పట్టే సాధనం ఒకటి తయారుచేశాడు. దానికి బహుమానం వచ్చింది గాని ఆదరణ రాలేదు. అయస్కాంతం ఉక్కును పడుతుంది, రాతిపొడిని పట్టదు గదా! ఇంకో కారణం కూడా చెబుతారు. పని ప్రమాదరహితమైతే ఆ పనికి జనం ఎగబడతారని, కూలి పడిపోతుందని కార్మికులే భయపడ్డారట. విని నవ్వకండి. ఆకలి ఒకవైపు, దగ్గు ఒకవైపు ఉన్నవాడి లెక్క అది. బెల్లం తినే మా అబ్బాయి లెక్క కూడా అంతకంటే పెద్ద తేడాగా లేదు.

చివరకు షెఫీల్డు పనివాళ్లను చాలావరకు కాపాడింది ఆచిసన్ తరహా కృత్రిమ చక్రాలే. ఇసుకరాతి చక్రం పోయాక దాని పొడీ పోయింది. అయితే ఆచిసన్ వాళ్ల ఊపిరితిత్తుల కోసం ప్రయోగం చేయలేదు. మేలు అనుకోకుండా జరిగింది. అనుకోకుండా జరిగే మేలు మీద ఎంతకాలం ఆధారపడతాం?

సిలికా ధూళి అంత చెడ్డదెందుకు? కంటికి కనబడే పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. నాలుగైదు మైక్రాన్లకు లోపు ఉండేవి, అంటే వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేనివి, ఊపిరితిత్తుల్లోని గాలితిత్తుల దాకా వెళ్తాయి. మన శరీరంలోని భక్షక కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు, చచ్చిపోతాయి. అవి చచ్చినచోట గాయపు మచ్చలా గట్టి కండ పెరుగుతుంది. మెత్తటి స్పంజి లాంటి ఊపిరితిత్తి క్రమంగా బిరుసెక్కుతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. ఒకసారి వచ్చిందా, వెనక్కు తిప్పే మందు లేదు. మేఘం విడిపోయాక గాలి శుభ్రంగా కనబడుతుంది చూశారూ, అప్పుడే ఆ సన్నరేణువులు ఇంకా తేలుతూ ఉంటాయి. వదులుగా కట్టిన తువ్వాలు వాటిని ఆపలేదు.

ఇప్పుడు పలక సంగతి. గ్రానైటులో స్ఫటిక సిలికా సుమారు మూడోవంతు ఉంటుంది. ఈమధ్య వంటగట్లకు వాడుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో అది నూటికి 90 పాళ్లకు పైగా ఉండవచ్చు. క్వార్ట్జ్‌ను నలగ్గొట్టి, పాలిమర్ రెజిన్ కలిపి, గాలి తీసేసి, అదురుతూ నొక్కి, వేడిచేసి గట్టిపరుస్తారు. ఇటలీలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. మన విశాఖపట్నం దగ్గర, హైదరాబాదు దగ్గర కూడా ఈ పలకలు తయారై విదేశాలకు వెళ్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, పసుపు మరక కూడా సులభంగా అంటదు. కానీ ఆస్ట్రేలియాలో వీటిని కోసే యువకులు ఎందరో సిలికోసిస్ పాలయ్యారు. ముందు నిబంధనలు పెట్టి చూశారు. అవి చాలలేదు. 2024 జూలై 1 నుంచి ఆ దేశం ఈ పలకలను నిషేధించింది.

నిషేధం అన్నిటికీ మందు అని నేను అనను. ఇక్కడ గమనించవలసినది వేరే ఉంది. గొడవ ముదిరాక తయారీదారులే సిలికా బాగా తగ్గించిన పలకలు, స్ఫటిక సిలికా అసలే లేని పలకలు బజారులోకి తెచ్చారు. అంటే ఆ మిశ్రమం సాధ్యమే! మొదటి రోజునే ఎవరైనా "కోసేవాడి సంగతేమిటి?" అని అడిగి ఉంటే, మొదటి రోజునే దాని కోసం వెతికి ఉండేవారు గదా.

ఆస్బెస్టాస్ రేకులదీ ఇదే కథ. 1901లో ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్‌షెక్ సిమెంటులో ఆస్బెస్టాస్ పోగులు కలిపి పలుచటి రేకులు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. చవక, నిప్పు అంటదు, చెదపట్టదు. ఎన్నో పేద ఇళ్లకు అదే కప్పు. దాన్ని కోసినా, తొలిచినా లేచే పోగులు క్యాన్సర్ కలిగిస్తాయని తేలి అనేక దేశాలు నిషేధించాయి. మన దేశంలో ఆ రేకులు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. ఆ కప్పు కింద ఉన్నవాళ్లను రేకులు పీకేయండి అనడం తేలిక, ఇంకో కప్పు ఇవ్వడం కష్టం. వాటిని మిషనుతో కోయవద్దని చెప్పడం మాత్రం కష్టం కాదు.

"ముక్కుకు మంచి మాస్కు కట్టుకుంటే చాలదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మాస్కు అవసరమే. కానీ మండుటెండలో, చెమటలో, ఎనిమిది గంటలు బిగుతుగా మాస్కు కట్టుకుని పని చేసి చూడమని నా మనవి. పొడి పుట్టినచోటే దాన్ని పట్టుకోవడం ఇంజనీరు పని, పుట్టాక తప్పించుకోవడం కార్మికుడి పాట్లు. చక్రం అంచున నీరు పోసే గొట్టం, పొడిని పీల్చే గొట్టం ఈనాడు మిషన్లకు దొరుకుతున్నాయి. అవి లేని మిషను చవక, అందుకే అది ఎక్కువ అమ్ముడవుతుంది. నన్నడిగితే ఆ గొట్టం లేకుండా రాయి కోసే మిషను అమ్మనే కూడదు. బ్రేకు లేకుండా సైకిలు అమ్ముతారా?

మా పక్కింటి పని మర్నాడు కూడా సాగింది. ఇంటాయనతో మాట్లాడితే, నీటిగొట్టం ఉన్న మిషనును రోజు అద్దెకు తెప్పించారు. (కరెంటు మిషను దగ్గర నీళ్లతో ఆటలు ప్రాణాంతకం, మీరు మామూలు మిషను మీద చెంబుతో నీళ్లు పోసే ప్రయత్నం చేయకండి.) ఆ రోజు మేఘం లేవలేదు. పలక కింద బూడిదరంగు బురద సన్నగా పారి గేటు దాకా వచ్చింది. అబ్బాయి దాన్ని చూసి, "నిన్నంతా ఇదేనా అండీ నేను పీల్చింది?" అని అడిగాడు.