ముఖం చూసి షిఫ్ట్ ఆపేస్తే: కాంట్రాక్టు మనిషికీ చట్టం ఉంది

"నిన్ను క్లయింట్ ముందుకి పంపలేం." "రిసెప్షన్‌లో వద్దు, వెనక స్టోర్‌లో చెయ్యి." ముఖం మీద కాలిన మచ్చలో, బొల్లో, పెద్ద పుట్టుమచ్చో, ఆపరేషన్ గుర్తో ఉన్నవాళ్ళకి ఇలాంటి మాటలు కొత్త కాదు. బ్రాక్‌నెల్‌లో ఐటీ ఆఫీసుల్లో, కేర్ హోముల్లో, గోదాముల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్ళు ఇది మన ఖర్మ అనుకుని ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పని లేదు.

బ్రిటన్ 2010 సమానత్వ చట్టం, అంటే ఈక్వాలిటీ యాక్ట్, మామూలుగా వైకల్యానికి ఒక రుజువు అడుగుతుంది: రోజువారీ పనులకి గట్టి ఆటంకం ఉందని చూపించాలి. కానీ మనిషి రూపాన్ని బాగా మార్చేసిన మచ్చలకి, చర్మ వ్యాధులకి ఆ రుజువు అక్కర్లేదు. చేతులు, కాళ్ళు, చూపు అన్నీ బాగున్నా రక్షణ ఉంటుంది. షరతులు రెండు. అది కనీసం 12 నెలలు ఉండేది అయ్యుండాలి, "తీవ్రమైనది" అయ్యుండాలి. వాదన ఎక్కువగా ఈ రెండోదాని మీదే నడుస్తుంది. మచ్చ ఎంత పెద్దది అన్నదే కాదు, ఎక్కడుంది అన్నదీ చూస్తారు. వీపు మీద మచ్చ వేరు, ముఖం మీద మచ్చ వేరు. పచ్చబొట్లు ఇందులోకి రావు.

ఇక కాంట్రాక్టు వాళ్ళ అసలు చిక్కు. ఏజెన్సీని అడిగితే "క్లయింట్ వద్దన్నాడు" అంటుంది. క్లయింట్‌ని అడిగితే "నువ్వు మా ఉద్యోగివి కాదు" అంటాడు. మధ్యలో మనిషి నలిగిపోతాడు. చట్టం ఇద్దర్నీ వదల్లేదు. పని చేయించుకునే కంపెనీ కూడా కాంట్రాక్టు మనిషి మీద వివక్ష చూపకూడదు. దీనికి ఏళ్ళ సర్వీసు అక్కర్లేదు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. "కస్టమర్లకి నచ్చదు" అన్నది సాకుగా చెల్లదు. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే ఆరోగ్యం, వైకల్యం గురించి కూపీ లాగడానికీ చాలావరకు వీల్లేదు.

మన దేశంలో లెక్క వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితుల్ని వైకల్య జాబితాలో చేర్చింది. అది మంచి మార్పే. కానీ కిరోసిన్ స్టవ్ పేలి ముఖం కాలినవాళ్ళు ఆ పేరు కిందకి రారు, బొల్లి ఉన్నవాళ్ళకి జాబితాలో చోటే లేదు. అక్కడ మచ్చ ఎలా వచ్చింది అని అడుగుతారు. ఇక్కడ ఆ ప్రశ్న లేదు, ఇప్పుడు ఎలా ఉందన్నదే ముఖ్యం. ఊళ్ళో అలవాటైన లెక్కతో ఇక్కడ కూడా మనకేమీ వర్తించదని అనుకోవద్దు.

ఈ మధ్య మనుషులకి తోడు యంత్రాలు కూడా గుమ్మం దగ్గర ఆపుతున్నాయి. కళ్ళు ఆర్పితేనే బ్యాంకు కేవైసీ పూర్తవుతుందంటే, యాసిడ్‌తో కనురెప్పలు పోయినవాళ్ళు ఏం చెయ్యాలి? ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో భారత సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న దీనికి జవాబిచ్చింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని, కేవైసీకి అందరికీ వీలయ్యే దారులు ఉండాలని చెప్పింది. ఇక్కడ మీ హాజరు యాప్ మీ ముఖాన్ని గుర్తుపట్టకపోతే, కార్డో పిన్నో ఇమ్మని రాసి అడగండి. చట్టం రక్షించే వాళ్ళకి ఇలాంటి సర్దుబాటు చెయ్యడం యజమాని బాధ్యత.

వీసా భయం నిజమే. స్పాన్సర్ చేసిన ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు ఇస్తారు. కానీ ఫిర్యాదు చెయ్యడం వీసా నిబంధనల ఉల్లంఘన కాదు. ఫిర్యాదు చేశావని కక్ష కడితే అది ఇంకో నేరారోపణలా కాదు, ఇంకో కొత్త వివక్ష కేసు అవుతుంది.

ఏం చెయ్యాలంటే:

- ఎవరు, ఏ రోజు, ఏ మాటన్నారో అదే రోజు రాసి పెట్టుకోండి. మెసేజులు చెరపకండి.
- నోటిమాటగా చెప్పిన కారణాన్ని ఈమెయిల్‌లో ఇమ్మని మర్యాదగా అడగండి.
- 3 నెలలకి ఒక రోజు తక్కువ, ఇదే గడువని మనసులో పెట్టుకుని కదలండి. ట్రిబ్యునల్‌కి ముందు ఏకాస్‌కి చెప్పాలి: 0300 123 1100. ఫీజు లేదు.
- 1992లో జేమ్స్ పార్ట్రిడ్జ్ పెట్టిన ఛేంజింగ్ ఫేసెస్ సంస్థ ఇలాంటివాళ్ళ కోసమే పనిచేస్తోంది. ఆయన కూడా 18 ఏళ్ళప్పుడు కారు మంటల్లో ముఖం కాలినవారే.

ఇంట్లోవాళ్ళకీ ఒక మాట. ఫొటోలో పక్కకి నిలబెట్టడం, ఫంక్షన్‌కి వద్దనడం, "ఎవరు చేసుకుంటారు" అని ఎదుటే అనడం మనమే ముందు నేర్పుతున్నాం. ఇంట్లో తలదించుకోవడం అలవాటైన మనిషి ఆఫీసులో తలెత్తి హక్కు అడగలేడు.