నల్లరేగడిలో రెండు పట్టణాలు - మనకొక పాఠం

మధుర నుండి దక్షిణంగా తిరునల్వేలికి పోయే దారిలో విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా తగులుతాయి. ఇక్కడ జీవనది లేదు, రాజధాని వైభవమూ లేదు. వానను నమ్ముకున్న నల్లరేగడి, అందులో పండే పత్తి, మిరప, అపరాలు, వాటిని కొని అమ్మే నేర్పు - ఈ పట్టణాల పెట్టుబడి ఇంతే.

విరుదుపట్టి 1923లో విరుదునగరమైంది. ఆలయ ప్రవేశం సైతం నిరాకరింపబడిన నాడార్లు ఇక్కడ వర్తకులుగా స్థిరపడి, ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టి, వ్యాపారంలో కొంత వాటా విడిచి సొంత పాఠశాలను నిలుపుకొన్నారు. 1903లో ఈ ఊరిలోనే జన్మించిన కామరాజ్ చదివినది ఆ క్షత్రియ విద్యాశాలలోనే. అయినా 1967 ఎన్నికలలో ఆ కామరాజ్‌నే ఒక విద్యార్థి నాయకుని చేతిలో ఓడించిన ఊరు ఇది. మనకు 1952లో పొట్టి శ్రీరాములు ఎట్లాగో, తమిళులకు శంకరలింగనార్ అట్లాగు. రాష్ట్రానికి తమిళనాడు అనే పేరు కోరుతూ 1956లో విరుదునగరంలో నిరాహారదీక్ష పూని, ఆ అక్టోబరులో ఆయన అసువులు బాశారు. కోరిక 1969లో నెరవేరింది.

కోవిల్‌పట్టి స్వభావం వేరు. అది మిల్లుల ఊరు, అగ్గిపెట్టెల ఊరు. వానలు ముఖం చాటేసిన ఏడు పల్లెలకు కూలి చూపినవి అగ్గిపెట్టెల కర్మాగారాలే. ఈ ప్రాంతపు అగ్గిపెట్టెల పరిశ్రమలో బాలకార్మికుల దుస్థితిపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చిందన్న సంగతిని కూడా మరువరాదు. అగ్గిపెట్టె ధర పద్నాలుగేళ్లు రూపాయి వద్దనే నిలిచి, 2021 డిసెంబరులో రెండు రూపాయలయింది. చౌక లైటర్ల పోటీకి తట్టుకోలేక తయారీదారులు మొరపెట్టుకోగా, ఇరవై రూపాయలలోపు లైటర్ల దిగుమతిని కేంద్రం 2023లో నిషేధించింది. ఇక్కడి వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కడం ఒక ఊరట.

ఈ నేలతో మన సంబంధం ఏమిటి? మధుర నాయకుల కాలం నుండి ఇక్కడ తెలుగువారు ఉన్నారు. ఎట్టయపురం, పాంచాలంకురిచి పాలెగాండ్రు తెలుగు మూలాలవారే. 1799లో కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారు కోవిల్‌పట్టికి చేరువలోనిదే. చుట్టుపట్ల పల్లెలలో కమ్మవారు, రాజకంబళ నాయకులు నేటికీ ఇంట తెలుగే మాట్లాడతారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాషా తెలుగే. తెలుగు రైతుల వలస గాథను ఆయన ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రచించారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆయన తమిళంలో వ్రాయడం తప్పు కాదు. చదివేవారి భాష అది. మన కథ మన లిపిలో చదువగలవారు అక్కడ కరవు కావడమే ఆలోచించవలసిన విషయం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు బడులున్నాయి. 2006 నాటి తమిళ నిర్బంధ విద్యా చట్టంపై న్యాయస్థానాలలో పోరాటమూ ఉంది. 2023 ఫిబ్రవరిలో అల్పసంఖ్యాక భాషా విద్యార్థులకు సుప్రీంకోర్టు మినహాయింపును ఒక ఏడాది పొడిగించింది కూడా. కానీ నల్లరేగడి సీమలో తెలుగు ప్రధానంగా వంటింటి, పొలంగట్టు భాష. బడిలో లేని భాషకు కోర్టు మినహాయింపు ఏమి మేలు చేయగలదు? ఊరు విడిచి పట్నం చేరిన తరానికి ఆ పొలంగట్టూ ఉండదు.

అయితే మార్గం విరుదునగరమే చూపింది. ప్రభుత్వం కోసం ఎదురుచూడక పిడికెడు బియ్యంతో బడి నిలబెట్టవచ్చునని ఆ ఊరు నిరూపించింది. వారానికి ఒక సాయంత్రం, ఊరికొక అరుగు, అక్షరాలు నేర్పే ఒక పెద్ద - ఇంతకు చట్టం అడ్డు రాదు. సరిహద్దు జిల్లాల తెలుగువారు పుస్తకాలు పంపగలరు. తమిళంపై ద్వేషంతో కాక, తమిళం నేర్చుకుంటూనే చేయదగిన పని ఇది. శతాబ్దాలు బ్రతికిన మాట మన కళ్లముందే మూగబోతే, ఆ నింద నేలదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు.