విన్నది తిరిగి చెప్పే ఆట

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అక్కడి టవర్ ఆగమన్నా, రన్‌వే మీదికి రమ్మన్నా, ఫలానా ఎత్తుకు దిగమన్నా పైలట్ ఆ సూచనను తిరిగి చెప్పాలి. ఉత్త ‘సరే’తో సరిపోదు. కంట్రోలర్ దాన్ని విని, తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి. ఏ దేశంలో దిగినా ఇదే పద్ధతి.

ఇంత పట్టుదల ఎందుకో 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో జరిగింది చూస్తే తెలుస్తుంది. పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో డచ్ సంస్థ కేఎల్ఎం విమానం అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టింది. రెండో విమానం ఇంకా దారిలోనే ఉందేమోనని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. లేదని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఊరుకున్నాడు. ఆ తర్వాత రేడియోలో వాడే మాటలను కట్టుదిట్టం చేశారు. 1979లో నాసా జరిపిన సదస్సుతో, కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు నోరు విప్పడానికీ పెద్దవాళ్లు చెవి పెట్టడానికీ శిక్షణ మొదలైంది.

అయినా 2010 మే 22న మంగళూరులో కూలిన విమానంలో, దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదని విచారణ నివేదిక తేల్చింది. 158 మంది పోయారు. చెప్పే ధైర్యం ఒక్కటే చాలదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1951లో సూచించిన చిన్న ప్రయోగం మన దగ్గరికి రావాలంటాను. వాదన జరుగుతున్నప్పుడు ఎవరైనా మాట్లాడాలంటే, ముందు మాట్లాడినవారి ఆలోచననూ బాధనూ వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అన్నాకే తన మాట. వినడానికి సులువుగానే ఉంటుంది. ఆడితే తెలుస్తుంది, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మనం మన జవాబు తయారుచేసుకుంటున్నామని! కోపం మాత్రం సగం అక్కడే చల్లారుతుంది.

బంతి విసిరి పేర్లు చెప్పించే ఆటలు శిక్షణ తరగతుల్లో చాలానే ఆడిస్తారు. నవ్వులు వస్తాయి, మనసులోని మాట రాదు. మన ఆఫీసుల్లో తిరిగి చెప్పడం లేకపోలేదు. కాకపోతే అది ఒకవైపే: పైవాళ్లు చెప్తారు, కిందివాళ్లు ‘అట్లనే సార్’ అంటారు. రోజర్స్ నియమానికి రెండు వైపులా పదునే.

శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ కార్గో షెడ్లున్నాయి, హోటళ్లున్నాయి, క్యాబ్ స్టాండ్లున్నాయి. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపించే చోట్లివి. రోజర్స్ ఆటకు షిఫ్టు మారేటప్పుడు ఆరుగురు గుండ్రంగా కూర్చుంటే చాలు. ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఏ భాష నోటికొస్తే ఆ భాషలో. విషయం నిజమైనదే కావాలి: రాత్రి డ్యూటీ తర్వాత ఇంటికి బండి లేకపోవడం, సెలవు అడిగితే దొరకకపోవడం. మొదటి వంతు కొత్తగా చేరినవాళ్లది. తిరిగి చెప్పాల్సింది సూపర్‌వైజర్. ‘అది కాదు సార్’ అని కొత్తవాళ్లంటే ఆయన మళ్లీ ప్రయత్నించాలి, వాళ్లు అవునన్నదాకా. సంజాయిషీ, హామీ, సలహా ఏవైనా ఆ తర్వాతే.