ఏసీ ఎవరి గదిలో ఉండాలి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మన కోస్తావారికి ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత కూడా ఉంది. అనంతపురంలో 40 డిగ్రీల ఎండను ఓర్చుకున్న మనిషి మచిలీపట్నంలో 36 డిగ్రీలకే అల్లాడిపోతాడు. కారణం తేమ. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉన్నప్పుడు అది ఆరదు, ఊరకే కారిపోతుంది. నీరూ ఉప్పూ బయటకు పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. నీళ్ళు పోసే కూలరు తెలంగాణలో, రాయలసీమలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయకపోవడానికీ కారణం ఇదే. అది గదిలోకి మరింత తేమను తెస్తుంది.

ఏసీ చేసేది ఇందుకు ఎదురు పని. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు దీనిని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, ఒక అచ్చాఫీసులో కాగితం తేమకు పాడవకుండా ఉండటానికి. గోడ వెనుక పైపులోంచి బకెట్టులోకి కారే నీళ్ళు మీ గదిలోని తేమే. ఉక్కగా ఉన్న రోజున యంత్రం శక్తిలో చాలా భాగం ఆ తేమను తీయడానికే ఖర్చవుతుంది కనుక గది ఆలస్యంగా చల్లబడుతుంది. వెంటనే మెకానిక్‌ను పిలవనక్కరలేదు. ముందు ఫిల్టరు కడిగి చూడండి. తలుపు కింద సందు మూయండి.

రిమోటు మీద 18 నొక్కితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మామూలు ఏసీ 18 పెట్టినా 26 పెట్టినా ఒకే వేగంతో పనిచేస్తుంది. 18 పెడితే ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26 పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పితే చాలు. చిన్న గదికి రెండు టన్నుల ఏసీ కొనడం కూడా తెలివైన పని కాదు. అది గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు తిరగదు. గది చల్లగానే ఉంటుంది, ఒళ్ళు మాత్రం జిగటగా ఉంటుంది.

ఇక నా అసలు మాట. మన ఇళ్ళలో చాలావరకు ఉండేది ఒక్క ఏసీ. అది కొడుకు కోడలి గదిలో ఉంటుంది. నాయనమ్మ రేకుల వసారాలో పడుకుంటుంది. అడిగితే "నాకు ఆ చలి పడదులేమ్మా" అంటుంది. 18 డిగ్రీల్లో ఎవరికి పడుతుంది? 27 పెట్టి, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఆమెను ఆ గదిలో పడుకోబెట్టండి. వయసు మీద పడినవారికి దాహం సరిగా తెలియదు, చెమట తక్కువ పడుతుంది. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడేవారికి ప్రమాదం మరింత ఎక్కువ. 2015 మే నెల వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా చనిపోయారు. కూలిపనివారితో పాటు వారిలో వృద్ధులు చాలామంది ఉన్నారు. పెద్దవారు మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

ఒక హెచ్చరిక. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. రెండు వారాలు మించి దగ్గు ఉన్నవారిని తలుపులు మూసిన గదిలో పిల్లలతో పడుకోనివ్వకండి. ముందు కఫ పరీక్ష చేయించండి. అటువంటివారికి ఏసీ కన్నా తెరిచిన కిటికీ మేలు.

ఏసీ లేని ఇళ్ళ సంగతి? ఏసీలు పెట్టించుకున్న మందిరాలు మన మధ్య ఉన్నాయి. అవి ఎక్కువగా తిరిగేది ఆదివారం ఆరాధన వేళలోనే. మే నెల మధ్యాహ్నాలు ఆ హాలు తెరిచి, నాలుగు చాపలు పరిచి, కుండలో మంచినీళ్ళు పెట్టి, పేటలోని ముసలివారిని పిలవవచ్చు గదా. వారు మన సంఘస్థులా కాదా అని చూడనక్కరలేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వేసవికి ముందే ఆ లెక్క వేసి, కానుకల్లోంచి కొంత పక్కన పెడితే సరి.