పసుపు నీళ్లు చెప్పింది, కార్డు చెప్పలేదు

పై వీడియోలో నా చేతిలోని గ్లాసు చూసి "పసుపుతో మట్టి పరీక్షేంటయ్యా" అని నవ్వుకునే ఉంటారు. ముందు మా ఇంటావిడే నవ్వింది.

సంగతేమిటంటే, మా రెండెకరాల మెట్ట చేలో ఒక మూల మొలక సరిగా రాదు. మట్టి కార్డులో మాత్రం పీహెచ్ మామూలే. పక్క చేను బాబాయ్ కార్డు తెచ్చి చూస్తే, అంకె పొల్లుపోకుండా రెండూ ఒకటే!

ఇందులో మాయేం లేదు. 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలైనప్పుడు సాగునీరున్న చోట 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా అని నిబంధన పెట్టారు. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. అందులో ఉన్న రైతులందరికీ అదే ఫలితం. ఒకరి నాడి చూసి పంక్తి మొత్తానికి మందు రాసినట్టన్నమాట.

అందుకే ఆ మూల మట్టిని వాన నీళ్లలో కలిపి, తేరిన నీళ్లలో చిటికెడు పసుపు వేశాను. ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందే, అదే సైన్సు. పసుపులోని కర్కుమిన్‌కి క్షారం తగిలితే రంగు మారుతుంది. అంటే కారు చవుడని అనుమానం. చేను మధ్య మట్టితో చేస్తే పసుపు పసుపుగానే ఉంది. బోరు నీళ్లు మాత్రం వాడకండి, వాటిలోనే క్షారం ఉండొచ్చు.

అలాగని ల్యాబు వద్దనడం లేదు. జింకు ఎంతుందో, బోరాన్ ఎంతుందో పసుపు చెప్పదు. కార్డులో 12 అంశాలుంటాయి, అవి కావాలి. "జీవామృతం పోస్తున్నాంగా, పరీక్షలెందుకు" అనే మనవాళ్లకీ ఇదే నా మాట. కొలవకుండా నమ్మడం ఆఫీసు చేసినా తప్పే, మనం చేసినా తప్పే.

ఎండాకాలం చేను ఖాళీగా ఉన్నప్పుడు మట్టి మీరే తీయండి. ఎనిమిది, పది చోట్ల జానెడు లోతు 'వి' ఆకారంలో గుంట తీసి, అన్నీ కలిపి అరకిలో ఇవ్వండి. తేడాగా ఉన్న మూల మట్టిని వేరే సంచిలో కట్టండి. నేను ఈసారి రెండు సంచులు ఇచ్చాను. ఫలితం వచ్చేలోగా ఆ మూల జీలుగ చల్లాను. ఎలా మొలిచిందో వచ్చే వీడియోలో దాచకుండా చూపిస్తాను.