మన బడిలో ఫస్ట్ వచ్చిన పిల్ల ఎక్కడ ఆగిపోతోంది?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు ఆశ్రమ పాఠశాలలో ఫస్ట్ వచ్చిన పిల్లకు శాలువా కప్పుతారు. మనం ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం. కొన్నాళ్లకు ట్రిపుల్ ఐటీ లిస్టు వస్తది. అందులో ఆ పిల్ల పేరు ఉండదు. అడిగితే "మార్కులు సరిపోలే" అంటారు. అక్కడితో అయిపోతది.

నిజంగా సరిపోలేదా? ఉదాహరణకు ఇద్దరిని తీసుకుందాం. ఒక కొలాం పిల్ల. ఇంట్లో కొలామి మాట్లాడుతది, తెలుగు బడికి వచ్చాకే నేర్చుకుంది. లెక్కల సారు సగం ఏడాది లేడు, ఉన్న సీఆర్టీనే రెండు సబ్జెక్టులు చెప్పాడు. 600కి 480 తెచ్చుకుని బడిలో ఫస్ట్ వచ్చింది. ఇంకో పిల్లాడు టౌన్‌లో కార్పొరేట్ స్కూల్, ట్యూషన్, స్టడీ అవర్స్. 540 వచ్చాయి, కానీ తన బడిలో 30వ వాడు. మార్కులు చూస్తే వాడే ముందు. ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరారో చూస్తే మాత్రం ఈ పిల్లే ఎక్కువ దూరం నడిచింది.

"మీకు ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా" అంటారు. ఉంది, అది మన హక్కు. కానీ కోటా లోపల కూడా వరుస పెట్టేది మార్కులతోనే. ఆ టౌన్ పిల్లాడూ ఎస్టీ అయితే, కోటాలో కూడా మన గూడెం పిల్ల వెనకే నిలబడుతది.

ఈ అన్యాయం ప్రభుత్వానికి తెలియదనుకోకండి. జీపీఏ ఉన్న రోజుల్లో ట్రిపుల్ ఐటీల అడ్మిషన్లలో సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. మంచి పనే. కానీ నోటిఫికేషన్‌లో "నాన్ రెసిడెన్షియల్" అని ఒక మాట ఉండేది. అంటే హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు ఆ పాయింట్లు లేవు. మన పిల్లలు హాస్టల్లో ఉండేది సౌకర్యం కోసమా? గూడెంలో హైస్కూల్ లేక! దూరమే మన వెనకబాటు, ఆ దూరాన్నే సౌకర్యంగా లెక్కగట్టారు.

ఇంకో దారి ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లో 1997లో ఒక చట్టం చేశారు. ప్రతి హైస్కూల్లో మొదటి 10 శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. పేద ఊరి బడైనా, ధనవంతుల బడైనా అదే రూలు. ఆ బిల్లు తెచ్చింది ఇర్మా రాంగెల్ అనే మెక్సికన్ అమెరికన్ ఎమ్మెల్యే. మన దగ్గర కూడా ఈ ఆలోచన కొత్తేం కాదు. ఐఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం, ఎస్టీలకైతే 65 శాతం మార్కులు ఉండాలి. అవి రాకపోయినా తన బోర్డులో, తన కేటగిరీలో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉంటే చాలు. అది అర్హతకు మాత్రమే, ఎంట్రన్స్ ర్యాంకు ఎలాగూ తెచ్చుకోవాలి. కానీ తోటివాళ్లతో పోల్చి చూడాలన్న సూత్రాన్ని ఒప్పుకున్నట్టే కదా?

చిక్కులు లేవనను. ర్యాంకు కోసం చివరి ఏడాది టౌన్ నుంచి వచ్చి మన బడిలో చేరేవాళ్లు ఉంటారు. అందుకే ఆరు నుంచి పది దాకా అక్కడే చదివి ఉండాలన్న షరతు కావాలి. సీటు ఇచ్చి వదిలేస్తే మొదటి సెమిస్టర్‌లోనే పిల్లలు బ్యాగు సర్దుకుని ఇంటికొస్తారు. అందుకే బ్రిడ్జి కోర్సు కావాలి. ఈ పేరు చెప్పి సీఆర్టీల ఖాళీలు నింపకుండా తప్పించుకుంటే ఊరుకోం.

మన డిమాండ్ సింపుల్. ఏజెన్సీలోని ప్రతి ఆశ్రమ పాఠశాలలో మొదటి ఇద్దరికి ట్రిపుల్ ఐటీలో నేరుగా సీటు ఇవ్వాలి. అవి ఎస్టీ కోటాలో కోత పెట్టి ఇచ్చేవి కాకుండా అదనపు సీట్లు కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి స్టేటస్ పెట్టి ఆగిపోకండి. మీ బడిలో గత ఐదేళ్లు ఫస్ట్ వచ్చినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి. ఆ లిస్టు పట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్స్‌కు పోదాం. శాలువా చాలు, ఇక సీటు కావాలి.

జై ఆదివాసీ!