చదివినందుకు గుర్తేమిటి?

బాగా చదివిన మనిషి అని ఎవర్నంటాం? బీరువా నిండా పుస్తకాలు ఉన్నవాళ్ళనా? మాటకు ముందు నాలుగు పుస్తకాల పేర్లు వల్లించేవాళ్ళనా? నన్నడిగితే ఇవేవీ గుర్తులు కావంటాను. ఆ మనిషి పక్కన ఇంకో మనిషి భయం లేకుండా, చిన్నబుచ్చుకోకుండా కూర్చోగలిగితే, అదీ చదివినందుకు గుర్తు.

ఈ మాట అనే ధైర్యం నాకు మా ప్రాంతం మనిషిని చూసి వచ్చింది. మా అంగలకుదురు తెనాలిని ఆనుకునే ఉంటుంది. తెనాలి నుంచి విజయవాడ వైపు వెళ్తే దుగ్గిరాల, ఆ మండలంలోదే తుమ్మపూడి. కళావిమర్శకుడు, రచయిత సంజీవదేవ్‌గారు 1914లో ఆ ఊళ్ళో పుట్టారు. వయసులో ఉండగా హిమాలయాలు తిరిగారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపారు. రాహుల్ సాంకృత్యాయన్ వంటి పండితులతో పరిచయాలు. ఇంత తిరిగినవారు ఏ మహానగరంలోనో స్థిరపడొచ్చు. ఆయన మాత్రం పల్లెటూరికే తిరిగొచ్చి, అక్కడే చదువుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ, 'తెగిన జ్ఞాపకాలు' వంటి పుస్తకాలు రాసుకుంటూ ఉండిపోయారు. 1999లో కన్నుమూశారు.

ఆయన పాండిత్యం సంగతి అటుంచండి. నాకు గొప్పగా తోచేవి ఆయన ఉత్తరాలు. పేరున్నవాళ్ళకీ రాశారు, కొత్తగా కలం పట్టిన కుర్రవాళ్ళకీ రాశారు. ఆ లేఖలు తర్వాత పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఉత్తరానికి జవాబు రాయడం చిన్న పనేం కాదండీ. ఎక్కడో ఉన్న మనిషిని కాసేపు మనసులో కూర్చోబెట్టుకుని, 'నీ మాట నాకు చేరిందయ్యా' అని చెప్పడం. ఇప్పుడు ఫోనులో చూసి వదిలేస్తున్నామే, ఆ అలవాటున్న మనకు దాని విలువ ఇంకా బాగా తెలియాలి.

విమర్శకులంతా అలా ఉంటారా? నేను కథలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఓ సభలో ఓ పెద్దమనిషి నా కథ చేతిలోకి తీసుకోకుండానే, "ఆడవాళ్ళ కథలేగా! వంటింట్లో మొదలై వంటింట్లోనే అయిపోతాయి" అన్నారు. ఆయన చదవని పుస్తకం లేదని చెప్పుకుంటారు. చదివి, బాగాలేదని అని ఉంటే సంతోషించేదాన్ని. అదీ ఒక గౌరవమే కదా!

దయ అంటే పొగడ్త అని నా ఉద్దేశం కాదు. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు ఎవరినీ బుజ్జగించి రాసిన మనిషి కాదు. మధ్యతరగతి ఇళ్ళలోని దొంగ మర్యాదలనూ, ఆడవాళ్ళ మీద పెత్తనాలనూ మొహమాటం లేకుండా బయటపెట్టారు. నలిగిపోయేవాళ్ళ పక్షాన నిలబడి చెప్పే కఠినమైన మాటలో కూడా దయ ఉంటుంది. సంజీవదేవ్‌గారిది మెత్తని దయ అయితే, కుటుంబరావుగారిది నిక్కచ్చి దయ. రెండూ మనకు కావలసినవే. పనికిరానిది చులకన భావం ఒక్కటే.

విమర్శకులను అనడం తేలిక. మన సంగతి చూద్దాం. తెనాలివారే అయిన చక్రపాణిగారు బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగులోకి తెచ్చారు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు, మధ్యాహ్నం పని తెమిలాక వాటిని చదువుతూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారో! శరత్ రాసిన వితంతువుల కష్టాలకు గుండె కరగనిదెవరికి? మరి ఆ కళ్ళతోనే పక్కింటి ఆవిడను చూస్తున్నామా?

ఈమధ్య మా వీధిలో ఓ సీమంతం జరిగింది. ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచి ఎత్తుకు పెంచిన పిన్ని వచ్చింది. ఆవిడ భర్త పోయి రెండేళ్ళు. వంటగది గుమ్మం దగ్గరే నిలబడి చూస్తోంది. గాజులు తొడిగేవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నారు. ఆవిడను ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనీ అనలేదు. అలా అనకుండానే అనేయడం మనకు బాగా చేతనవును. ఆ గదిలో డిగ్రీలు చదివినవాళ్ళకు కొదవ లేదు, నవలలు చదివేవాళ్ళకూ కొదవ లేదు. చివరికి పీటల మీది అమ్మాయే చెయ్యి చాపి, "పిన్నీ, నువ్వు తొడగవేం?" అంది. ఓ పెద్దావిడ ముఖం చిట్లించింది. పిన్ని మాత్రం వచ్చి, వణికే చేతులతో గాజులు తొడిగింది. ఆ అమ్మాయి శరత్‌ను చదివిందో లేదో నాకు తెలియదు. చదివినందుకు గుర్తు మాత్రం ఆ అమ్మాయి దగ్గరే కనిపించింది.

'అయితే ఇక పుస్తకాలెందుకు, మంచి మనసుంటే చాలదా?' అనొచ్చు మీరు. చాలదు. ఆ అమ్మాయికి ఆవిడ పెంచిన పిన్ని కాబట్టి చెయ్యి చాపింది. మనవాళ్ళ మీద దయ ఎవరికైనా ఉంటుంది. మనకేమీ కాని మనిషి గుమ్మం దగ్గర నిలబడితే, ఆ బాధ మన ఇంటి బాధలా అనిపించాలి కదా! అది మనకు అలవాటు చేసేది కథలూ నవలలే.

అందుకేనేమో, పెద్దవాళ్ళు పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చడం కూడా ఓ సేవ అనుకున్నారు. ఈ దుగ్గిరాల దగ్గరి పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణంగారు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ వెంబడి ఊళ్ళకు పుస్తకాలు నీళ్ళ మీద వెళ్ళాయి. పుస్తకం దగ్గరికి రాలేనివాళ్ళ కోసం పుస్తకమే బయల్దేరింది.

మన ఇళ్ళలో ఆ పాటి చేయలేమా? మగవారు పేపరు చదువుతుంటే పిల్లలను అటు వెళ్ళనివ్వం. ఇల్లాలు పుస్తకం పడితే మాత్రం, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు" అంటారు. రోజుకో అరగంట ఆవిడను కదిలించకుండా ఉంటే చాలు. చదివిన పుస్తకాన్ని బీరువాలో దాచకుండా, ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి కూతురికి ఇచ్చినా మేలే.

ఇక ఈ నెల ఎన్ని పుస్తకాలు చదివామన్న లెక్క ఎందుకు? పుస్తకం మూసేశాక ఎవరి ఉత్తరానికి జవాబివ్వాలనిపించిందో, వచ్చే పేరంటానికి ఎవరిని ముందు పిలవాలనిపించిందో, ఆ లెక్క చూసుకుందాం.